నల్లప్ప పడవ మోటారు, తిమ్మక్క నీళ్ళ డ్రమ్ము

అనంతపురం జిల్లాకు సముద్రం రాలేదంటే అది సముద్రం చేసుకున్న పుణ్యం. వచ్చి ఉంటే మా తాత నల్లప్ప దాన్ని కూడా విప్పేవాడు. అలలు ఒక గోనెపట్ట మీద, ఉప్పు ఇంకో గోనెపట్ట మీద పరిచి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పూసి మళ్ళీ బిగించేవాడు. చివర్లో రెండు బోల్టులు మిగిలేవి. "అవి మొదట్నుంచీ ఎక్కువే" అనేవాడు. సముద్రం మాత్రం మునుపటికంటే బాగా నడిచేది. ఇది ఆయన తరపున నేను చెబుతున్న మాట. ఆయన్నే చెప్పమంటే ఆకాశాన్ని కూడా విప్పేవాడు.

మా ఊరు కళ్యాణదుర్గానికి ఎండ వైపు. కళ్యాణదుర్గానికి ఏ వైపు పోయినా ఎండ వైపే గనుక, అంతకు మించి ఆనవాలు అక్కర్లేదు. డెబ్బైల్లో మా చుట్టుపక్కల బావుల మీద ఆయిలింజన్లు నడిచేవి. నడిచేవి అనడం మర్యాద కోసం. ఎక్కువ రోజులు అవి ఆగి ఉండేవి, మా తాత నడిచి పోయేవాడు. మా వైపు బావిలో నీళ్ళు ప్రతి ఏడూ కొంత కిందికి దిగుతాయి. నీళ్ళ వెనకాలే ఇంజనూ దిగాలి. బావి గోడకు దూలాలు దూర్చి, వాటి మీద ఇంజన్ని మోకులతో దించి, దాని వెనకాల మా తాతనూ దించేవారు. అలా ఆయన బతుకులో సగం భూమి లోపల గడిచింది. తక్కిన సగం పైకొచ్చి ఆ సంగతి చెప్పుకోవడంతో సరిపోయింది.

డెబ్బై తొమ్మిదిలో ఒక బావిలో ఇంజను హ్యాండిలు తిప్పుతుంటే అది ఎదురు తన్ని ఆయన కుడి మణికట్టు విరగ్గొట్టింది. కట్టు కట్టారు. పానా పట్టుకోవడానికి అడ్డమొస్తోందని వారం తిరక్కుండానే ఆ కట్టు తనే కోసేసుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ, కోపంగా, పక్కకు తిరిగి అతుక్కుంది. అప్పట్నుంచి మా తాత ఏ ఇంజన్నయినా బాగు చేయగలడు, దేన్నీ లేపలేడు. బాగు చేయడం ఆయన వంతు, హ్యాండిలు తిప్పడం రైతు వంతు. తిప్పి తిప్పి చెమటలు పట్టిన రైతు, "నేనే తిప్పుకునేదానికి నువ్వేమిటికి నల్లప్పా?" అనేవాడు.

అదే సమయానికి మడకశిర వైపు నుంచి బసప్ప దిగాడు. అతనూ ఇంజన్ల మేస్త్రీయే. మణికట్లు రోకళ్ళలా ఉండేవి. ఇంజన్లో ఏం పోయిందో సగం కన్నడంలో, సగం తెలుగులో చెప్పి, రెండింట్లోనూ తప్పు చెప్పి, ఒక్క తిప్పుతో లేపేసేవాడు. లేచిన ఇంజనుకు భాషతో పనేముంది? రైతులు ఒక్కరొక్కరే అటు జారుకున్నారు. మా తాత పానాల పెట్టె అరుగు మీద ఖాళీగా కూర్చోవడం మొదలుపెట్టింది, పక్కన ఆయన.

ఎనభై మూడులో ఎవరి ఇంజనుకో తలకాయ కావాలని తాడిపత్రిలో పాత ఇనుము అంగడికి పోయాడు. అక్కడ గోడకు ఆనించి ఉంది అది. పైన గుండ్రటి ఇంజను. కింద మనిషి కాలంత పొడుగు కాలు. కాలికి నీళ్ళు పీల్చే జల్లెడ కన్నాలు. అడుగున మూడు రెక్కల చక్రం. మా తాత వంటి మనిషికి అది చూడగానే ఏమనిపిస్తుంది? పైనున్నది తల, అది ఎండలో ఉంటుంది. కిందున్నది కాలు, అది నీళ్ళలో ఉంటుంది. అంటే బావిలో నిలబెట్టే పంపు! ఎవరో మహానుభావుడు మన బావుల్ని చూసి ఏడ్చి చేసిన పంపు! దాని పక్కనే టెంకాయంత స్టార్టరు, లారీవాళ్ళు సెల్ఫు అంటారే, అది. అంగడివాడు, "బటను నొక్కితే లేస్తాది, హ్యాండిలు లేదు, ఏం లేదు" అన్నాడు. మా తాత తన వంకర మణికట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత తన నడుం వైపు చూసుకున్నాడు.

దాన్ని బస్సు మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. వాకిట్లో దింపగానే మా అవ్వ తిమ్మక్క మోటారు చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత మొగుడి చుట్టూ తిరిగింది. ఒక చేత్తో పంచె పట్టుకుని నిలబడి ఉన్నాడాయన.

"ఏమప్పా, నీ వెండి మొలతాడు యాడ?"

"అద్దో" అని మోటారు చూపించాడు.

"మా నాయన పెట్టిన మొలతాడది."

"మీ నాయనకు బావి లేదా? ఇది వాళ్ళ బావికే పెడతాలే."

ఆ ఆదివారం లారీ డ్రైవరు యేసన్న చర్చి నుంచి వస్తూ మా వాకిట్లో ఆగాడు. యేసన్న తాడిపత్రి బండలు వేసుకుని కోస్తా దాకా తిరిగినవాడు, మా ఊళ్ళో సముద్రం చూసిన ఒకే ఒక్క సాక్షి. మోటారు రెక్కల్ని వేలితో ఒకసారి తిప్పి చూశాడు. మా తాతకు బాధ కలిగించకుండా చెప్పాలని చూశాడు, పాపం. ఆ విద్య ఆయనకు రాదు.

"మామా, ఇది పడవ మోటరు కదా."

"పడవా?"

"ఆ. పడవకు ఎనకాల తగిలిస్తారు. రెక్కలు తిరిగి నీళ్ళు ఎనక్కి తోస్తాది, పడవ ముందుకు పోతాది."

మా తాత గడ్డం గీరుకున్నాడు. ఓడిపోయిన మనిషి గడ్డం గీరుకోవడం వేరు, మా తాత గీరుకోవడం వేరు. "నీళ్ళు తోస్తాది అంటివి కదా?"

"తోస్తాది."

"ఎనక్కి తోసేది పైకి తొయ్యదా? పంపంటే మల్ల ఏందప్పా? నీళ్ళు తోసేదే పంపు. వాళ్ళకు బావుల్లేవు, పడవకు కట్టుకున్నారు. తెలీక."

అలా కోస్తా జిల్లాల తెలివితక్కువతనం మా వాకిట్లో రుజువైంది. ఊరు మాత్రం ఒప్పుకోలేదు. మా వీధిలో పోయేవాళ్ళు పంచె మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని, నీళ్ళలో నడిచినట్టు నడిచేవారు. "నల్లప్పన్నా, చేపలు పడినాయా?" అని ఆడవాళ్ళు గంపలు చూపించేవారు. బసప్ప కనబడినప్పుడల్లా "దోణి యావాగ బరుత్తె?" అనేవాడు. పడవ ఎప్పుడొస్తుందని. మా తాత నోరు మూసుకుని మోటారు నోరు విప్పాడు.

దాదాపు రెండేళ్ళు పట్టింది. పిస్టను తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. దానికి రోజూ పొద్దున్నే ప్లగ్గు కన్నంలోంచి కిరసనాయిలు తాగించేవాడు. మా ఇంట్లో దీపానికి లేకపోయినా దానికి ఉండేది. ఒకరోజు అది కదిలింది. ఆ పూట మా తాత అన్నం తినలేదు. సంతోషమా, ఆకలి లేకా అని అడిగితే, "చేతులు కడుక్కుంటే ఆ గ్రీజు పోతాది" అన్నాడు.

అసలు ప్రేమంతా సెల్ఫు మీద. దాన్ని విప్పితే లోపల మా జిల్లా దుమ్ము కంటే మేలైన దుమ్ము, సముద్రపు ఉప్పుతో కలిసి గట్టిపడింది. కరెంటు అందించే బొగ్గు ముక్కలు అరిగి గోరంత మిగిలాయి. మా తాత యేసన్న లారీది పాత డైనమో తెచ్చి, దాంట్లోని బొగ్గులు పీకి, వాకిట్లోని తాడిపత్రి బండ మీద రుద్ది రుద్ది కావలసిన కొలతకు తెచ్చాడు. ఆ బండ మీద నల్లచార ఇప్పటికీ ఉంది. కడ్డీ చుట్టూ పేర్చిన రాగి పలకల మధ్య సందుల్లో మట్టి తీయడానికి మా అవ్వ జడపిన్నులు మాయమయ్యాయి. ఇక సెల్ఫు చివర ఒక చిన్న పళ్ళచక్రం ఉంటుంది. కరెంటు తగలగానే అది మెలికల కడ్డీ మీద ఎగిరి, ఇంజను పెద్దచక్రం పళ్ళను కరిచి తిప్పాలి. అది ఎగరడం మానేసి చాలా కాలమైంది, పాత గ్రీజు మైనంలా పట్టేసి. దాన్ని కడిగి, రోంత పల్చటి నూనె పెట్టి, విడిగా చేత్తో పట్టుకుని యేసన్న లారీ బ్యాటరీ తగిలించాడు. సెల్ఫు మా తాత చేతిలోంచి గెంతి, వాకిట్లో దొర్లి, మా అవ్వ కోడిపెట్టను కొట్టం దాకా తరిమింది. కోడి వారం రోజులు గుడ్డు పెట్టలేదు. మా తాత మాత్రం కొడుకు మొదటిసారి నడిచినంత సంబరపడ్డాడు. మా నాయన నడిచినప్పుడు అంత సంబరపడలేదని మా అవ్వ అంటుంది.

బాగు చేసినవాడు ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ఎద్దులబండి చక్రాలకు వేసే నీలం రంగు, పసుపు రంగు తెచ్చి మోటారుకు తల నుంచి కాలి దాకా పూశాడు. ఒకసారి కాదు, మూడు పూతలు. మీద ఎర్రగా "శ్రీ ఆంజనేయ ప్రసన్న" అని రాశాడు. సముద్రం దాటినవాడు గనుక పడవ మోటారుకు ఆయనే తగిన దేవుడట. అయితే పంపు అన్నావు కదా అని అడిగితే, "రెండిటికీ పనికొస్తాడు" అన్నాడు.

ఎనభై ఐదు ఎండాకాలం. బావులన్నీ అడుగంటాయి, ఊళ్ళో బోరింగు దగ్గి దగ్గి ఆగిపోయింది. దూరాన ఎవరి తోటలోనో ఉన్న బోరు నుంచి ఎద్దులబండి మీద నీళ్ళు వచ్చేవి. మా ఇంటి వంతు వచ్చినప్పుడు మా అవ్వ ఇనప డ్రమ్ము నింపుకుని, మూత పెట్టి, మూత మీద తనే కూర్చునేది. ఆ డ్రమ్ములోంచి ముంత తీసుకోవాలంటే, ఎందుకో చెప్పాలి, ఎవరికో చెప్పాలి, మిగిలింది తిరిగి పోయాలి.

సరిగ్గా అప్పుడే రచ్చబండ దగ్గర బసప్ప పడవ సంగతి ఎత్తాడు. మా తాతకు రెండేళ్ళ మౌనం ఒక్కసారి తెగింది.

"హ్యాండిలు లేకుండా, తాడు లేకుండా, ఒక్క ఏలుతో లేపుతా. నీళ్ళెత్తి చూపిస్తా. లేయకపోతే నా పానాల పెట్టె నీది, మల్ల నేను ఇంజను ముట్టను."

"లేచి నీళ్ళెత్తితే, ఆ నీళ్ళు ఎన్నుంటే అన్ని నా భుజం మీద మోసి తెస్తా" అన్నాడు బసప్ప. నలుగురూ విన్నారు. మా తాత ఇంటికొచ్చి పానాల పెట్టె తెరిచి, ఒక్కొక్క పానా తుడిచి మళ్ళీ పెట్టాడు. వెళ్ళిపోయే పిల్లకు తల దువ్వినట్టు. మా అవ్వ అది చూసింది. చూసి, డ్రమ్ము మూత మీద నుంచి లేచింది.

"దీంట్లో పెట్టి లేపుకో. నీళ్ళు మాత్రం నాకు మల్ల కావాల."

"నీళ్ళు యాడికి పోతాయి తిమ్మక్కా? మోటరు రోంత కాలు తడుపుకుంటాది, అంతే."

ఇంకొక్క చిక్కుంది. ఈ రకం ఇంజనుకు పెట్రోల్లో నూనె కలపాలని యేసన్న చెప్పిపోయాడు. ఏ నూనో చెప్పలేదు. లోకంలో ఇంకో నూనె ఉంటుందని చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, పండే నేలలో పుట్టినవాడికి ఎందుకు తోస్తుంది? మా అవ్వ వంటింట్లోంచి గానుగ చెనిక్కాయ నూనె తీసి, వడగట్టి మరీ కలిపాడు. మంచి నూనె. మేం పండగకు దాచుకున్నది.

డ్రమ్మును రెండు రాతి కూసాల మధ్య నిలిపి, కూసాలకు అడ్డంగా మొద్దు పలక కట్టి, దానికి మోటారు బిగించాడు. కాలు నీళ్ళలో మునిగింది. యేసన్న లారీ బ్యాటరీ తెచ్చి పక్కన పెట్టాడు. ఊరంతా వచ్చింది. పనులు లేని ఏడు కదా. బసప్ప పానాల పెట్టెకు దగ్గరగా కూర్చున్నాడు, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా.

మా తాత ఆంజనేయుడికి దండం పెట్టి బటను నొక్కాడు.

టిక్కు.

మళ్ళీ నొక్కాడు. టిక్కు. అంతే. కోడిని తరిమిన సెల్ఫు ఊరి ముందు సిగ్గుపడి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. బసప్ప కూడా నవ్వలేదు. చెయ్యి చాపి పెట్టె పిడి మీద పెట్టాడు, మెల్లగా.

"బ్యాటరీ బాగుండాది మామా, పొద్దున్నే లారీ లేపినా" అన్నాడు యేసన్న గొంతు తగ్గించి.

మా తాత వంగి ఒక్కో తీగ పట్టుకుని పోయాడు. బ్యాటరీ నుంచి బటను, బటను నుంచి సెల్ఫు. చివరికి ఎర్తు తీగ, మోటారు ఒంటికి బోల్టు వేసిన చోట ఆగాడు. కింద నీలం రంగు నిగనిగలాడుతోంది. మూడు పూతలు.

"ఓరి నా సోకు తగలబడ" అన్నాడు.

కరెంటు తిరిగి పోయే దారిని తన చేత్తోనే రంగు పూసి మూసేశాడు. బోల్టు విప్పి, సరిగ్గా "ప్రసన్న" అన్న మాట మీద ఆకురాయితో గీకాడు. ఇనుము తెల్లగా బయటపడింది. "శ్రీ ఆంజనేయ" మిగిలాడు, ప్రసన్నంగా లేడు. తీగ బిగించి బటను నొక్కాడు.

సెల్ఫు కుయ్యిమని కరిచింది. ఇంజను రెండుసార్లు తుమ్మింది. మూడోసారి లేచింది!

ముందు పొగ వచ్చింది. తెల్లటి, చిక్కటి, కమ్మటి పొగ. చెనిక్కాయ నూనె కాగిన వాసన. ఆ ఏడు ఏ ఇంట్లోనూ మూకుడు పొయ్యి మీదికి ఎక్కలేదు. పొగ ఊరు దాటిందేమో, రానివాళ్ళు కూడా వచ్చారు. ఎవరి ఇంట్లోనో బజ్జీలు వేస్తున్నారని నలుగురు పిల్లలు తట్టలు పట్టుకుని వచ్చారు. ఒక ముసలావిడ "కారం రోంత తక్కువెయ్యండి" అంటూ వచ్చింది.

మా తాతకు ఇవేవీ వినబడలేదు. ఆయన పందెంలో రెండో సగం ఇంకా మిగిలింది. నీళ్ళెత్తాలి. గేరు పిడి పట్టుకుని ముందుకు తోశాడు.

సముద్రంలో తిరగవలసిన రెక్కలు మా అవ్వ డ్రమ్ములో తిరిగాయి. నీళ్ళు ఒకసారి గుండ్రంగా తిరిగాయి, గోడల వెంట పైకి లేచాయి, ఆ తర్వాత ఊరి మీద పడ్డాయి. బసప్ప మీద, యేసన్న మీద, తట్టల్లో, కొట్టం మీద, నిద్రపోతున్న కుక్క మీద. మా ఊళ్ళో రెండేళ్ళ తర్వాత పడిన మొదటి వాన అదే, నల్లప్ప వాకిలి వరకు మాత్రమే. పిల్లలు తట్టలు పారేసి దాని కింద స్నానం చేశారు. మేకలు పరుగున వచ్చి తడి బండలు నాకాయి. కాలికి నీళ్ళు అందక మోటారు అరుపు మారగానే మా తాత ఆపేశాడు. డ్రమ్ము అడుగున రెండు చెంబుల నీళ్ళు, వాటి మీద నూనె.

మా అవ్వ తలనుంచి కారుతున్న నీళ్ళతో వచ్చి డ్రమ్ములోకి తొంగి చూసింది.

"తాలింపు ఏసుకోవచ్చు" అంది.

బసప్ప ముఖం తుడుచుకుని లేచాడు. "ఇది ఎత్తడం కాదప్పా, పారబోయడం."

"డ్రమ్ము ఎవురన్నా వంచినారా?" అంది మా అవ్వ. "లోపలుండే నీళ్ళు పైకి వచ్చినాయా, లేదా? మీ అమ్మ తోడు, చెప్పు."

"వచ్చినాయి."

"అయితే ఎత్తినాది. పో, కావడి తీసుకో." తర్వాత మా తాత వైపు తిరిగింది. "పందెం గెలిచిన దొరా, నువ్వు యాడికి పోతాండావు? నీళ్ళు మల్ల కావాలంటి కదా. ఇంకో కావడి ఉండాది."

ఆ సాయంత్రం ఇద్దరు మేస్త్రీలు తోట బోరు నుంచి కావళ్ళు మోశారు. దారి పొడుగునా తిట్టుకున్నారు. కన్నడం తిట్లు బసప్పవి, తెలుగు తిట్లు మా తాతవి. తిరుగు దారిలో మార్చుకున్నారని యేసన్న అంటాడు. మా తాత వంకర చేతికి కావడి సరిగ్గా కుదరక కడవ తొణికినప్పుడల్లా, బసప్ప ఆగి తన కడవలోంచి కొంచెం ఆయన కడవలో పోసేవాడట. ఇది బసప్పే తర్వాత చెప్పాడు. మా తాత ఒప్పుకోడు. తన కడవ ఎన్నడూ తొణకలేదంటాడు.

పానాల పెట్టె మాత్రం అరుగు మీద ఖాళీగా కూర్చోవడం మానేసింది. మా వైపు ట్రాక్టర్లు రావడం మొదలైన కాలం. వాటన్నిటికీ సెల్ఫే. లారీలకూ సెల్ఫే. హ్యాండిలు తిప్పే పని లేదు, వంకర మణికట్టుకు వచ్చిన నష్టం లేదు. "సెల్ఫు పోతే నల్లప్ప" అని యేసన్న దారంతా చెప్పుకుంటూ పోయాడు. ఇప్పుడు బసప్ప కూడా తనకు వచ్చిన సెల్ఫులు ఇక్కడికే తెస్తాడు. "దోణి మేస్త్రీ" అని పిలుస్తాడు. మా తాత పలుకుతాడు.

మోటారును ఇంత వరకూ ఎవరూ కొనలేదు. కొట్టంలో గోనెపట్ట కప్పుకుని ఉంది. మబ్బు పట్టిన రోజు మాత్రం మా తాత పట్ట తీసి సెల్ఫు ఒకసారి తిప్పి చూస్తాడు. చెరువు నిండితే సిద్ధంగా ఉండాలట. చెరువు నిండితే అన్నది మా ఇంట్లో తేదీ లేని పండగ.

ఇదంతా రాసి మొన్న ఆయనకు చదివి వినిపించాను. ట్రాక్టరు సెల్ఫు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. ఒక్కచోట కూడా నవ్వలేదు. ఆఖర్న నేనే అడిగాను. "తాతా, నిజం చెప్పు. నీళ్ళే లేని ఊళ్ళో పడవ మోటరు ఏమిటికి బాగు చేసినావు?"

ఆయన సెల్ఫులోని దుమ్ము నా కాగితాల మీదికి ఊది, నావైపు చూశాడు.

"ఏడో క్లాసు దాటనిదానివి, నీకు పెన్నేమిటికే? నాదీ అందుకే. పో, పోయి డ్రమ్ము నింపు."